పొట్లం దారంతో కట్టిన పగ్గాలు

గుర్రపు స్వారీ నేర్పే ఉద్యోగంలో నా జీవితమంతా గడిచింది. "నా గుర్రం లాగుతోంది, ఏదైనా చెయ్యండి" అంటూ ఫిర్యాదు తెచ్చినవాళ్ళు బోలెడంతమంది. "నేను గుర్రాన్ని లాగుతున్నాను, నన్నేదైనా చెయ్యండి" అని వచ్చినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఇది గుర్రాల సంగతేలే అనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపి మీ ఆఫీసు మీటింగుకి వెళ్ళిపోవచ్చు. మిగతావాళ్ళు కూర్చోండి.

సింగపూర్‌లో ఒక తెలుగు ఆడమనిషి గుర్రాల దగ్గరికి ఎలా చేరిందని అందరూ అడుగుతారు. దానికి పెద్ద కథేమీ లేదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. మా నాన్న కిరాణా కొట్టు పెట్టాడు. కొట్టు నుంచి స్వారీ బడికి తవుడు బస్తాలు వెళ్ళేవి. ఓ రోజు బస్తాల వెంట నేనూ వెళ్ళాను. బస్తాలు ఖాళీ అయ్యాయి గానీ నేను వెనక్కి రాలేదు.

నేను గొప్ప రౌతునేం కాదు. గోడకి తగిలించుకోవడానికి ఒక్క పతకం కూడా లేదు. నాకు తెలిసిన విద్య బేరం ఒక్కటే. మాటలు సరిగ్గా రాకముందే కొట్టు అరుగు మీద కూర్చుని అది నేర్చుకున్నాను. గుర్రం మీదా అదే పనికొచ్చింది. "నువ్వు ఆ మూల బుద్ధిగా తిరుగు, నీ వీపు మీద నేను బియ్యం మూటలా కూలబడను" అని ఒప్పందం. గుర్రాలు మాట తప్పవు. మాట తప్పే అలవాటు పైన కూర్చున్నవాళ్ళది.

ఈ ఊళ్ళో గుర్రప్పందేలకు తెరపడిన రోజులవి. ఆ నేలలో ఇళ్ళు కడతారన్నారు. పందెపు గుర్రాలకు చోటు వెతకడం మొదలైంది. మనుషులే ఫ్లాటు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఊరిది. ఇక్కడ గుర్రానికి ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. అదృష్టం ఉన్నవి విమానమెక్కాయి. కొన్ని మాలాంటి స్వారీ బడులకు వచ్చాయి. మిగతావాటి సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగితే సమాధానం వినాల్సి వస్తుందిగా.

అలా వచ్చినవాటిలో ఒకటి ఎర్ర రంగు మగ గుర్రం. దాని పందెపు పేరు బారెడు పొడుగుండేది, నేను ఎర్రోడు అనేదాన్ని. దాన్ని తీసుకున్నాయన గుంటూరు వైపు మనిషి, తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకులో పెద్ద ఉద్యోగి. రిస్కు చూడటం ఆయన పని. అంటే ఎవరైనా ఏదైనా చెయ్యబోతుంటే ముందుగా వద్దనడం. అలాంటి మనిషి పందెపు గుర్రాన్ని ఎందుకు తీసుకున్నాడంటే, ఫోన్‌లో దాని ఫొటో చూసి మనసు కరిగిందట. అంతకుముందు కొన్నాళ్ళు మా బడిలో ముసలి పొట్టి గుర్రం మీద నేర్చుకున్నాడు. ఆ ముసలిది క్యారెట్ బకెట్ కనిపించినచోట దానంతట అదే ఆగేది. తనే ఆపుతున్నాననుకునేవాడు ఆయన. పాపం, దాని చాకచక్యం ఈయన ఖాతాలో పడింది.

ఎర్రోడికి క్యారెట్ బకెట్ల చదువు రాదు.

గుర్రం లాగడమంటే ఏమిటో మీకు తెలియాలి. నోట్లో ఉన్న ఇనప కడ్డీ మీద బరువంతా వేసి ముట్టె ముందుకు చాస్తుంది. పైవాడు బెదిరి పగ్గాలు బిగబడతాడు. ఇంకాస్త ఆనుకుంటుంది. ఈయన ఇంకాస్త బిగిస్తాడు. ఇక చూసుకోండి, మనిషి చేతులు గుర్రానికి అయిదో కాలవుతాయి. అన్ని గుర్రాలూ ఎంతో కొంత చేసే పనే ఇది. పందెపు గుర్రానికైతే అదే చదువు. జాకీ పగ్గాలు బిగించాడంటే "ఆనుకో, పరుగెత్తు" అని. వదిలేశాడంటే "పందెం అయిపోయింది, ఇక చాలు" అని. మా బ్యాంకు బాబు ఆగమని లాగేవాడు. ఎర్రోడు మహా విధేయంగా వేగం పెంచేవాడు.

ముందు చూడాల్సినవి చూశాం. డాక్టరు పళ్ళు పరీక్షించాడు, వీపు నొక్కి చూశాడు. జీను సరిపోయిందో లేదో నేను చూశాను. గుర్రంలో ఏ లోపమూ లేదు. ఆ మాట ఆయనకు నచ్చలేదు. లోపం ఉంటే దానికో మందుంటుంది, మందుంటే కొనొచ్చు. చివరికి కడ్డీలు కొనడం మొదలుపెట్టాడు. మెలికల కడ్డీ, గొలుసున్న కడ్డీ, విదేశం నుంచి పెట్టెలో వచ్చిన ఇంకోటి. నాకు పేర్లు కూడా నోరు తిరగనివి. ఒక్కోటీ మొదటి వారం అద్భుతం. ఆ వారంలో ఆయన నాకు కాఫీ తాగించేవాడు. రెండో వారం గుర్రం దాన్నీ అర్థం చేసుకునేది. ఇక నా సంగతి: కడ్డీ వద్దు బాబూ అని ఒకసారి అన్నాను, నిజమే. కానీ ఆయన కొంటానన్నప్పుడల్లా అమ్మేవాడి దగ్గరికి వెళ్ళి గీచి గీచి బేరం చేసింది కూడా నేనే. కొట్టులో పుట్టినదాన్ని, ఎవరైనా కొంటానంటే వద్దనడానికి నాలుక తిరగదు.

ఆయన భార్య శనివారాలు వచ్చి నీడలో బెంచీ మీద కూర్చునేది. గోదావరి జిల్లా అమ్మాయి, తనదీ ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగమే. ఆ కడ్డీలన్నీ వరసగా తగిలించి ఉండటం చూసి, "ఇన్ని నగలు నాక్కూడా చేయించలేదండీ ఈయన" అంది.

ఒక శనివారం చిన్నపిల్లల క్లాసు జరుగుతుండగా ఎర్రోడు ఈయన్ని తీసుకుని లేచిపోయాడు. లేచిపోయాడని ఆయన తర్వాత రిపోర్టులో రాశాడు. నా కళ్ళకు కనపడింది వేరు. ఆయన వెనక్కి వాలి, శక్తంతా పెట్టి, పళ్ళు బిగించి "పరుగెత్తు, పరుగెత్తు" అని చేతుల్తో చెప్పాడు, అది విన్నది. పిల్లల పొట్టి గుర్రాల పక్క నుంచి గాలిలా దూసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక తల్లి మాత్రం ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

మా మేనేజరు చైనీస్ ఆయన, నాకన్నా చాలా చిన్నవాడు, నన్ను ఆంటీ అంటాడు. గదిలోకి పిలిచి విషయం తేల్చేశాడు. రెండు వారాలు టైము. ఈలోగా గుర్రం అందరి మధ్య నడిచి, పరుగెత్తి, చెప్పినచోట ఆగి చూపించాలి. లేదంటే ఇక్కడ ఉండకూడదు. "ఇక్కడ ఉండకూడదు" అన్నప్పుడు కిటికీలోంచి బయటికి చూశాడు. మా ఇద్దరికీ తెలుసు. వేరే శాలలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఇలాంటి పేరు పడ్డ గుర్రానికి విమానం టికెట్ ఎవరూ కొనరు. ఇక మిగిలింది డాక్టరు సంచిలో సూది.

నేను మూడు నెలలు అడిగాను, ఒకటిన్నరకు దిగుదామని మనసులో పెట్టుకుని. ఆయన తల అడ్డంగా ఊపాడు. నాన్న నేర్పిన అస్త్రం తీశాను. లేచి, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు గుమ్మం దాకా నడిచాను. బేరం తెలిసిన ప్రతివాడూ ఆ గుమ్మం దగ్గర వెనక్కి పిలుస్తాడు. ఈయన పిలవలేదు. కంప్యూటర్ వైపు తిరిగాడు. మర్చిపోయిన టోపీ కోసమన్నట్టు వెనక్కి రావాల్సి వచ్చింది. టోపీ నా నెత్తిమీదే ఉంది.

ఆయన నవ్వలేదు. అది ఆయన మంచితనం.

"వన్ మంత్, క్యాన్," అన్నాడు. "బట్ ఓనర్ రైడ్. యూ రైడ్, క్యానాట్ లా, ఆంటీ." నెల ఇస్తాడట గానీ, ఎక్కాల్సింది గుర్రం యజమానేనట.

టెస్టు రోజున నేనే ఎక్కి పని కానిచ్చేద్దామని నా లోపలి ప్లాను. అడక్కుండానే దాన్ని పట్టుకున్నాడు. నా జన్మలో అంత చవగ్గా ఎవరూ నన్ను కొనలేదు.

మర్నాటి నుంచి బ్యాంకు బాబుకి పాఠాలు. పగ్గం అంటే పందెపు గుర్రానికి అర్థమేమిటో వివరించాను. ఆగమని ఒక్కసారి అడగాలి. నడుము నిటారుగా పెట్టి, వేళ్ళు ఒక్క క్షణం మూసి, వెంటనే తెరిచెయ్యాలి. ఆనుకోవడానికి ఏమీ దొరక్కపోతే గుర్రం తన కాళ్ళమీద తను నిలబడుతుంది. ఆయన శ్రద్ధగా విన్నాడు, ఫోన్‌లో రాసుకున్నాడు, నాకే తిరిగి అప్పజెప్పాడు. ఎక్కగానే ఎప్పట్లానే లాగాడు.

"లాజిక్ అర్థమైంది ఆంటీ," అన్నాడు దిగి చెమట తుడుచుకుంటూ. "ఎగ్జిక్యూషన్‌లోనే చిన్న ఇష్యూ."

ఆలోచించాను. ఈయనకు అర్థం కానిది గుర్రం కాదు, బేరం. ధర ఒకసారి చెప్పి నోరు మూసుకోవడమే కదా బేరమంటే. మిగతా పని మౌనమే చేస్తుంది. ఆ ఆదివారం మొగుడూపెళ్ళాలిద్దర్నీ టెక్కా మార్కెట్‌కి తీసుకెళ్ళాను. రొయ్యలు కొనాలి. చేపల కొట్టాయన నాకు ఎప్పట్నుంచో తెలుసు. "మీ ధర ఒక్కసారే చెప్పండి బాబూ. తర్వాత పక్క కొట్టు చేపల వైపు చూడండి. ఒక్క మాట కూడా మాట్లాడొద్దు" అని మరీ మరీ చెప్పి పంపాను.

ధర చెప్పాడు, బాగానే చెప్పాడు. కొట్టాయన తల ఊపలేదు. మాట్లాడకుండా నిలబడ్డం బ్యాంకు బాబు వల్ల కాలేదు. రొయ్యల సరఫరా గురించి మొదలుపెట్టాడు. నిన్నటి ఆన్‌లైన్ రేటు చూపించాడు. ఎదుటివాడు ఏమీ అనకపోయేసరికి వాడి తరఫు వాదన కూడా తనే వినిపించాడు. చివరికి కొట్టాయన ధరకే, అడగని పీతల్ని కూడా కలిపి మోసుకొచ్చాడు.

"ఆంటీ, ఈయన్ని ఇంకోసారి పంపకండి," అంది భార్య. "ఈసారి కొట్టు కొనేసి వస్తారు."

నోరు మూసుకోలేని మనిషి చేతుల్ని మాత్రం ఎలా ఊరుకోబెడతాడు? మాటలతో అయ్యే పని కాదని తేలింది. అప్పుడు గుర్తొచ్చింది పొట్లం దారం. మా కొట్టులో పప్పూ చక్కెరా కాయితంలో చుట్టి సన్నటి నూలు దారంతో కట్టేవాళ్ళం. మెత్తగా పట్టుకుంటే ఇంటిదాకా వస్తుంది, గుంజితే టప్పున తెగుతుంది. లిటిల్ ఇండియా పూలకొట్లలో ఇప్పటికీ అలాంటిది దొరుకుతుంది. ఒక ఉండ తెచ్చాను. పగ్గాల కొసలు విప్పి, కడ్డీకి అటూ ఇటూ ఆ దారంతో కట్టాను. ప్రాణం మీదికొస్తే పట్టుకోవడానికి గుర్రం మెడచుట్టూ ఒక తోలు పట్టీ వేశాను. చుట్టూ కంచె ఉన్న చిన్న గుండ్రటి ఆవరణలోకి బ్యాంకు బాబునీ ఎర్రోణ్ణీ తోలి గేటు వేశాను.

తెగింది. కట్టాను. తెగింది. కట్టాను. తెగినప్పుడల్లా ఎర్రోడు రెండడుగులు వేసి, అనుమానంగా చెవులు తిప్పి, ఆగిపోయేవాడు. గుర్రం పాఠం పూర్తయింది. మనిషి పాఠమే నడుస్తోంది.

"దారం క్వాలిటీ బాలేదు ఆంటీ," అన్నాడు బ్యాంకు బాబు. "నైలాన్ తెప్పించనా?"

బెంచీ మీద దారపు ఉండ పట్టుకుని కూర్చున్న భార్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "తెప్పించండి," అంది కాసేపాగి. "ఇనప తీగ కూడా ఉంటుందేమో కనుక్కోండి."

రోజులు గడిచేకొద్దీ తెగడం తగ్గింది. జ్ఞానోదయం వల్లేమీ కాదు. తెగిన ప్రతిసారీ దిగి, వానకి తడిసిన ఇసుకలో నిలబడి, అరవై దాటిన ఆడమనిషి కళ్ళద్దాలు సర్దుకుంటూ మళ్ళీ ముడి వేసేదాకా చూస్తూ ఉండాలి కదా. సిగ్గు కూడా ఒక గురువే. నెలాఖరుకి ఆవరణలో ఒక్క దారమూ తెగకుండా పరుగెత్తించి ఆపాడు. అదే రోజు మామూలు తోలు పగ్గాలు వేసి చూశాం. తోలు చేతికి తగలగానే పాత మనిషి లేచి కూర్చున్నాడు, ఎర్రోడు మళ్ళీ అయిదో కాలు దొరికిందని సంబరపడ్డాడు.

టెస్టు రోజు పొద్దున ఆయన ముఖం పాలిపోయి ఉంది. గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. నేను తోలు పగ్గాలు బిగిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"దారమే కట్టండి ఆంటీ. తోలుంటే నేను లాగేస్తాను. నాకు తెలుసు."

ఇన్ని నెలల్లో ఆయన నోట విన్న మొదటి నిజం. కానీ ఇది కంచె ఉన్న గుండ్రటి ఆవరణ కాదు, పెద్ద మైదానం, మధ్యలో వేరే గుర్రాలు. కుదరదన్నాను. కట్టమన్నాడు. ప్రమాదమన్నాను. ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తోలుతో లాగితే ఈ గుర్రం పని అయిపోయినట్టే. ఆయన నావైపు చూస్తూ, జీవితంలో మొదటిసారిగా అనుకుంటా, ఇంకేమీ మాట్లాడకుండా ఊరుకున్నాడు. నేను దారం తీశాను. టెక్కాలో నేర్పిన విద్య నామీదే వాడాడు.

ఎక్కేముందు కళ్ళెం చూడటం మేనేజరు అలవాటు. దారం చూసి నావైపు తిరిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ముక్కు గోక్కున్నాడు. పిల్లల గుర్రాలన్నిటినీ బయటికి పంపించి, మైదానంలో ఎర్రోడు కాక ఇంకొక్క గుర్రాన్ని, దానిమీద తన మనిషిని మాత్రం ఉంచాడు. దారం తెగితే టెస్టు అయిపోయినట్టేనని, రెండో అవకాశం లేదని చెప్పాడు. బ్యాంకు బాబు సరేనన్నాడు.

నడక బాగుంది. చిన్న పరుగు ఇంకా బాగుంది. ఆయన చేతులు పాల గిన్నె పట్టుకున్నట్టున్నాయి. దౌడులోకి వెళ్ళారు. ఒక చుట్టు సాఫీగా తిరిగారు. అప్పుడు మేనేజరు చెయ్యి ఎత్తాడు. ఆ రెండో గుర్రం వెనకనుంచి దౌడు మీద వచ్చి ఎర్రోడి పక్కనుంచి దాటిపోయింది. పందెపు గుర్రం పక్కన ఇంకో గుర్రం దాటిపోవడం! ఎర్రోడి చెవులు ముందుకు నిక్కాయి, మెడ సాగింది. బ్యాంకు బాబు పిడికిళ్ళు బిగిశాయి.

రెండు దారాలూ ఒకేసారి తెగాయి.

పగ్గాలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. అటు చివర ఏమీ లేదు. బ్యాటరీలు పోయిన రిమోట్ వైపు చూసినట్టు చూశాడు వాటివైపు. ఆయనకు మెడ పట్టీ గుర్తు కూడా రాలేదు. భయానికి కొయ్యబారి జీనులో నిటారుగా, బరువుగా కూర్చుండిపోయాడు. నేను నెల రోజులుగా అలా కూర్చోమనే మొత్తుకున్నాను.

ఎర్రోడు ఆనుకుందామని ముట్టె చాచాడు. అక్కడ ఎవరూ లేరు. ఇంకోసారి చాచాడు. దౌడు తగ్గింది. పరుగు నడకైంది. ముందున్న గుర్రాన్ని పోతే పోనిమ్మని వదిలేసి, తల దించి, మైదానం మధ్యలో ఆగి ముక్కు చీదాడు.

ముందు తేరుకున్నది బ్యాంకు బాబే.

"సో, పాస్ కదా?"

మేనేజరు నడిచి వెళ్ళి, గుర్రం గడ్డం కింద వేళ్ళాడుతున్న దారపు ముక్కని పట్టుకుని చూశాడు. "హార్స్ పాస్," అన్నాడు. "యూ ఫెయిల్."

వివరంగానూ చెప్పాడు. ఎవరూ పట్టుకోకపోతే బుద్ధిగా ఆగే గుర్రంలో తప్పేముంది? అది ఇక్కడే ఉంటుంది. లాగే బలం లేని చిన్నపిల్లల క్లాసులో పనికొస్తుంది. అది జీతం తీసుకునే ఉద్యోగి అన్నమాట, మేపే ఖర్చు మాత్రం బ్యాంకు బాబుదే. ఈయన మొదటి క్లాసు నుంచి మళ్ళీ నేర్చుకోవాలి. బ్యాంకు బాబు దిగకుండానే అప్పీలు మొదలుపెట్టాడు. షరతు దారం తెగడం గురించే గానీ, తెగాక ఏమవుతుందో షరతులో లేదట. ఎవరు లాగారన్నదానికి ఆధారాల్లేవట. టెక్నికల్‌గా తను జీనులోనే ఉన్నాడట.

భార్య బెంచీ మీంచి లేచి మైదానం అంచు దాకా వచ్చింది. ఆ రోజు ఆమె వేళాకోళమాడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏవండీ," అంది. "గుర్రం బతికింది. దిగండి."

దిగాడు.

ఎర్రోడు ఆ వారంలోనే చిన్నపిల్లల క్లాసులో చేరాడు. వాళ్ళ చేతులకున్న బలమంతా ఐస్‌క్రీమ్ కోను పట్టుకునేంత. వాళ్ళ కింద అది తల వేలాడేసుకుని తిరుగుతుంటే పందెపు రోజుల్లో దాన్ని చూసినవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. బ్యాంకు బాబు క్లాసులు నా పాలబడ్డాయి. మొదటి క్లాసు నుంచి అంటే ఎలాగో తెలుసా? గుర్రానికి పొడవాటి తాడు కట్టి, మధ్యలో నిలబడి నేను తిప్పుతాను. పైన కూర్చున్నవాడికి పగ్గాలే ఇవ్వం. చేతులు నడుం మీద పెట్టుకుని కూర్చోవాలి. కూర్చోవడం వచ్చేదాకా అంతే. ఆయన తన గుర్రం మీదే నేర్చుకుంటానని పట్టుబట్టి, పిల్లల క్లాసు అయ్యాక ఖాళీ ఉన్న అరగంట బుక్ చేసుకునేవాడు.

నేను రిటైరయ్యే ముందు ఆఖరి శనివారం కూడా ఆ అరగంట ఉంది. ఎర్రోడు నా చుట్టూ తాడు చివర హాయిగా గుండ్రాలు తిరుగుతున్నాడు. చెవులు రెండు పక్కలకు వాలి ఉన్నాయి. బ్యాంకు బాబు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకులా ఠీవిగా కూర్చున్నాడు. బెంచీ వైపు తిరిగి భార్య చూస్తోందో లేదో చూసుకుని, నాతో అన్నాడు:

"చూశారా ఆంటీ, ఇప్పుడు అస్సలు లాగట్లేదు. టైం పట్టింది గానీ, మొత్తానికి దీన్ని దారికి తెచ్చాను."

"మీ చేతి చలవ బాబూ," అన్నాను.